సుగ్గి నెలల్లో గెలిచిన కప్పు: హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22 సీజన్



పోయిన వారం ఇక్కడ ఒక తమ్ముడు అడిగినాడు, "అన్నా, మన హైదరాబాద్ ఫుట్‌బాల్ టీం ఏమైంది? లిస్టులో పేరే కనపడలే" అని. కింద ఒకాయన "ఢిల్లీకి పోయింది" అని ఒక ముక్క రాసినాడు. ఇంకొకాయన నవ్వే బొమ్మ పెట్టినాడు. అంతటితో మాట అయిపోయింది. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. నేను చదివేది హిస్టరీ, చూసేది ఫుట్‌బాల్. రెండూ కలిపి రాయడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. పోస్టు పెద్దది, సిగ్నల్ బాగున్న చోట కూర్చొని చదువుకోండి.

ముందు ఒక సాయంత్రం గురించి చెప్తా. 2022 మార్చి 20, ఆదివారం. అప్పుడు నేను కర్నూల్లో డిగ్రీ చదువుతా ఉన్నా. రూంలో ఐదుగురం, మ్యాచ్ వచ్చే ఫోను ఒకటే. బకెట్టు బోర్లించి, దాని మీద ఫోను నిలబెట్టి, చుట్టూ కూర్చున్నాం. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. గోవాలో, ఫతోర్డా స్టేడియంలో. హైదరాబాద్ ఎఫ్‌సీకీ కేరళ బ్లాస్టర్స్‌కీ మధ్య.

టీవీలో స్టేడియం చూపిస్తే అంతా పసుపు. హైదరాబాద్ టీం రంగు పసుపు అని మాకు తెలుసు. "అబ్బో, మనోళ్లకు ఇంత జనం ఉన్నారా!" అనుకున్నాం. కాసేపటికి గానీ అర్థం కాలేదు, ఆ జనమంతా కేరళ నుంచి రైళ్లెక్కి బస్సులెక్కి వచ్చినోళ్లని. కేరళ రంగు కూడా పసుపే. లీగ్ పట్టికలో పైన నిలిచింది హైదరాబాద్ కాబట్టి, పసుపు చొక్కాల హక్కు హైదరాబాద్‌కు పోయింది. కేరళ టీం నల్ల చొక్కాలతో దిగింది. అంటే జనం ఒక టీం వాళ్లు, ఆ జనం వేసుకున్న రంగు ఇంకో టీంది.

హాఫ్ టైంలో మా బా ఫోన్ చేసినాడు. ఆయన, మా యాడి అప్పుడు గుంటూరు వైపు మిరపకాయ కోతల్లో ఉన్నారు. మా మాటలోనే మాట్లాడుకున్నాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నా.

"ఏం చేస్తా ఉండావురా?"

"మ్యాచ్ చూస్తాండా బా. హైదరాబాద్ ఫైనల్ ఆడతాంది."

"మనోళ్లు ఎవరన్నా ఉన్నారా అందులో?"

"హైదరాబాద్ టీమే మనది కదా బా."

"అది కాదురా. మన పక్క పిల్లోళ్లు, మన తండాలోళ్లు ఎవరన్నా ఆడతాండారా అని."

నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. సెకండాఫ్ మొదలైంది బా, మళ్లీ చేస్తా అని పెట్టేసినా. ఈ పోస్టు రాసేది ఒక రకంగా ఆ జవాబు కోసమే.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. హైదరాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్తేం కాదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు కొట్టింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీం. ఆ టీంను తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సారు భారత జట్టుకు కోచ్‌గా పోయినాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం నాలుగో స్థానంలో నిలిచింది, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చింది, రెండూ ఆయన చేతి కిందే. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. అయితే అప్పట్లో దేశమంతటికీ కలిపి ఒక లీగ్ అనేది లేదు. అన్నీ టోర్నమెంట్లే. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో మొదలైంది, మొదటి కప్పు పంజాబ్‌కు చెందిన జేసీటీ మిల్స్ కొట్టింది. 2007లో దాని స్థానంలో ఐ-లీగ్ వచ్చింది. 2014లో ఐఎస్‌ఎల్ పక్కన చేరింది, తర్వాత అదే పెద్ద లీగ్ అయి కూర్చుంది. లీగ్ వచ్చేనాటికి మన హైదరాబాద్ వైభవం పాత ఫొటోల్లోకి పోయింది. దేశంలోని పై స్థాయి లీగ్‌లో చాంపియన్ పేరు పక్కన తెలుగు ఊరి పేరు రావడానికి 2022 దాకా పట్టింది.

ఆ ఊరి పేరు వచ్చిన దారి కూడా సూటిగా లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ మన గల్లీల్లోంచి పుట్టిన క్లబ్బు కాదు. పుణెలో ఎఫ్‌సీ పుణె సిటీ అనే క్లబ్బు మూతపడితే, దాని స్థానంలో 2019లో హైదరాబాద్ క్లబ్బు పెట్టినారు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత మైదానం. మొదటి సీజన్ ఘోరం. మొదటి మ్యాచ్‌లోనే కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0. 18 మ్యాచ్‌లలో రెండే గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. ఆ రెండు గెలుపుల్లో ఒకటి గచ్చిబౌలిలో కేరళ మీదే, 2-1. ఫైనల్లో మళ్లీ అదే కేరళ ఎదురైందన్నమాట.

తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చినాడు. ఈయన పద్ధతి చూసేకొద్దీ నచ్చుతుంది. పెద్ద పేర్ల వెంట పడకుండా ఇరవై ఏళ్ల పిల్లల్ని దించినాడు. ఎడమ పక్క ఆకాశ్ మిశ్రా, కుడి పక్క సిక్కిం పిల్లోడు ఆశిష్ రాయ్. వీళ్లిద్దరూ వెనక నుంచి పైకి పరుగెత్తడం చూసి మా రూంలో కబడ్డీ ఆడే పిల్లోడు అన్నాడు, "వీళ్లకు ఊపిరితిత్తులు రెండు కాదన్నా, నాలుగున్నట్టున్నాయి" అని. 2020-21లో టీం ఐదో స్థానానికి ఎగబాకింది. ఆ మరుసటి సీజనే మనం మాట్లాడుకునేది.

2021-22 సీజన్ నవంబర్ 19న మొదలైంది. కరోనా వల్ల 11 టీంలనూ గోవాలో ఉంచినారు. హోటల్ నుంచి మైదానానికి, మైదానం నుంచి హోటల్‌కు, మధ్యలో బయటి మనిషిని కలవడానికి లేదు. మ్యాచ్‌లన్నీ బాంబోలిం, ఫతోర్డా, వాస్కోలోని తిలక్ మైదాన్, ఈ మూడు చోట్లే. జనవరిలో ఒమిక్రాన్ వచ్చి కొన్ని మ్యాచ్‌లు వాయిదా పడినాయి కూడా. అంటే హైదరాబాద్ చాంపియన్ అయిన ఆ సీజన్‌లో హైదరాబాద్ గడ్డ మీద ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

(గోవా అంటే ఒక మాట. బీజాపూర్ వైపు నుంచి వలసపోయిన మన లంబాడీలు అక్కడ చాలామంది ఉన్నారు. లమాణీలు అంటారు అక్కడ. బీచుల్లో అద్దాల బట్టలు, పూసల దండలు అమ్మే ఆడోళ్లు, బిల్డింగ్ పనుల్లో మగోళ్లు. స్టేడియం గేటు బయట మన మాట వినపడి ఉంటుందేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.)

సీజన్ ఓటమితో మొదలైంది, చెన్నైయిన్ చేతిలో 1-0. ఆ తర్వాత ముంబై సిటీని 3-1తో కొట్టినారు. ముంబై అంతకుముందు ఏడు చాంపియన్. అక్కడి నుంచి బండి ఆగలేదు. డిసెంబర్ చివర ఒడిశా మీద 6-1. నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ తీసుకున్నాడు. అప్పటికే ఆయన వయసు 37. మన పక్క ఆ వయసుకు ఆట మాట దేవుడెరుగు, మిరప చేలల్లో వంగి వంగి నడుములు పోయి ఉంటాయి. 20 మ్యాచ్‌లలో 11 గెలుపులు, 5 డ్రాలు, 4 ఓటములు, మొత్తం 38 పాయింట్లు. పట్టికలో రెండో స్థానం. 43 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచి షీల్డ్ తీసుకుంది జంషెడ్‌పూర్. ఐఎస్‌ఎల్‌లో అప్పటి లెక్క ఇట్ల ఉండింది: పట్టికలో మొదట నిలిస్తే షీల్డ్, పై నాలుగు టీంల మధ్య సెమీస్, ఫైనల్ ఆడి గెలిస్తే కప్పు, చాంపియన్ అనే పేరు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను మొదటి మ్యాచ్‌లో 3-1తో కొట్టి, రెండోది 1-0తో ఓడినా, మొత్తం లెక్కలో 3-2తో హైదరాబాద్ ఫైనల్‌కు వచ్చింది. జంషెడ్‌పూర్‌ను ఇంటికి పంపింది కేరళ.

ఇక ఫైనల్. 68వ నిమిషంలో కేరళ పిల్లోడు రాహుల్ కేపీ గోల్ కొట్టినాడు. మా రూంలో ఇద్దరు లేచి అన్నం తినడానికి పోయినారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా, గోవా పిల్లోడు, మధ్యలో మార్చి దించిన ఆటగాడు, పెట్టె బయట నుంచి ఒక్క తాపు తన్నినాడు. 1-1. అన్నం తినేటోళ్లు చేతులు కడుక్కోకుండా పరుగెత్తుకొచ్చినారు. అదనపు సమయంలో ఎవరికీ గోల్ రాలేదు. పెనాల్టీలు.

అక్కడ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి ఒక్కడే మ్యాచ్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. కేరళ మొదటి తాపు ఆపినాడు. నిషు కుమార్ తాపు ఆపితే, రెఫరీ "గీత దాటి ముందుకొచ్చినావు, మళ్లీ తన్నాల" అన్నాడు. మళ్లీ తన్నించినారు, మళ్లీ ఆపినాడు! తర్వాత జీక్సన్ సింగ్‌ది కూడా ఆపినాడు. ఇటు హైదరాబాద్‌లో జువావో విక్టర్ కొట్టినాడు, సివేరియో తప్పినాడు, ఖస్సా కమారా కొట్టినాడు. 2-1. ఇప్పుడు తన్నే తాపు లోపలికి పోతే కప్పు హైదరాబాద్‌ది.

ఆ తాపు తన్నడానికి నడిచొచ్చినోడి పేరు హాలీచరణ్ నార్జారీ.

ఆ పేరు మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలీదు. నాకూ ఆ రోజు అంతగా తెలీదు. బంతి లోపలికి పోయింది, 3-1, పసుపు చొక్కాలోళ్లంతా ఆయన మీదకు ఉరికినారు, స్టేడియంలో పసుపు జనమంతా మౌనం. మేము ఎగిరినాం, కింది రూమోళ్లు వచ్చి తిట్టిపోయినారు. ఆ రాత్రి పడుకునేటప్పుడు వెతికి చదివినా. నార్జారీ అస్సాంలోని బోడో. బోడోలు అస్సాంలో షెడ్యూల్డ్ తెగ. కోక్రాఝార్ వైపోళ్లు. అంటే మన మాదిరే ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నోడు. తెలుగు ఊరి పేరున్న టీంకు మొట్టమొదటి పెద్ద లీగ్ కప్పు తెచ్చిన ఆఖరి తాపు ఒక ఆదివాసీ పిల్లోడిది. పైగా ఆయన అంతకుముందు రెండు సీజన్లు ఆడింది ఎవరికనుకున్నారు? కేరళ బ్లాస్టర్స్‌కే.

పొద్దున్నే బాకు ఫోన్ చేసి చెప్పినా, "ఉన్నాడు బా, మనోడు ఒకడున్నాడు" అని. "యాడోడు?" అన్నాడు. అస్సాం అన్నా. ఆయన నవ్వినాడు. "అంత దూరం నుంచి రావల్సొచ్చిందా?" అన్నాడు.

ఆ రోజు హైదరాబాద్ తరఫున మైదానంలోకి దిగినోళ్లలో మణిపూర్ ఉంది, సిక్కిం ఉంది, గోవా, బెంగాల్, ఉత్తరప్రదేశ్, మహారాష్ట్ర ఉన్నాయి. బ్రెజిల్, స్పెయిన్, ఆస్ట్రేలియా ఉన్నాయి. తెలుగు పిల్లోడు లేడు. కర్నూలు, కడప మాట అటుంచండి, పక్కనున్న సికింద్రాబాద్ నుంచి కూడా ఒక్కడు లేడు. ఇది తప్పు పట్టడానికి అనడం లేదు. ఫుట్‌బాల్‌లో ఎవరైనా యాడికైనా పోయి ఆడొచ్చు, నార్జారీ మన దగ్గరికొచ్చి ఆడలేదా? కానీ ఆయన రావడానికి ఒక దారి ఉండింది. కోక్రాఝార్ వైపు ఊర్లల్లో ఫుట్‌బాల్ అంటే మన పక్క క్రికెట్ ఎట్లనో అట్ల. అక్కడి నుంచి చిన్న వయసులోనే ఎంపికై, దేశం మొత్తంలోని కుర్రాళ్లతో ఫెడరేషన్ నడిపిన యారోస్ టీంలో ఐ-లీగ్ ఆడినాడు. అక్కడి నుంచి నార్త్ ఈస్ట్ యునైటెడ్, కేరళ, హైదరాబాద్, మధ్యలో భారత జట్టు. ఒక్కొక్క మెట్టు. ఆ కోక్రాఝార్‌లో 2023లో డ్యూరాండ్ కప్ మ్యాచ్‌లు కూడా పెట్టినారు.

ఇక తమ్ముడి ప్రశ్న. కప్పు గెలిచిన టీం ఏమైంది?

మరుసటి ఏడు, 2022-23లో, మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. మార్కెజ్ వెళ్లిపోయినాడు. తర్వాత డబ్బు ఎండిపోయింది. జీతాలు అందక ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు బయటికి పోయినారు, కొత్తోళ్లను తీసుకోవడానికి లేకుండా నిషేధం పడింది. 2023-24లో 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు, 8 పాయింట్లు, అందరికంటే కింద. పాత టీంలో మిగిలిన చిన్న పిల్లోళ్లే సీజన్ మొత్తం లాగినారు, పాపం. తర్వాత యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బును ఢిల్లీకి తీసుకుపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చినారు. పుణె నుంచి వచ్చింది, ఢిల్లీకి పోయింది. మధ్యలో ఆరేళ్లు మన పేరు పెట్టుకుంది. ఆ ఆరేళ్లలో రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే గడిచినాయి.

క్లబ్బు పోతుంటే ఊర్లో ఎవరూ రోడ్డు మీదకు రాలేదు అని కొందరు బాధపడినారు. ఎట్ల వస్తారు? చాంపియన్ టీంను కళ్లతో చూసినోళ్లు ఎంతమంది? నేనైతే బకెట్టు మీద ఫోన్లో చూసినా.

దీని పక్కన ఇంకో సీజన్ పెట్టి చూస్తే నాకు విషయం బాగా అర్థమైంది. అది 2016-17 ఐ-లీగ్. అప్పటికి దేశంలో పై స్థాయి లీగ్ అంటే అదే. పది టీంలు, తలా 18 మ్యాచ్‌లు. గెలిచింది ఐజ్వాల్ ఎఫ్‌సీ. మిజోరం రాజధాని ఐజ్వాల్. 2011 లెక్కల ప్రకారం మిజోరం జనాభా మొత్తం 11 లక్షలకు కాస్త తక్కువ, అందులో నూటికి 94 మంది షెడ్యూల్డ్ తెగలోళ్లు. అదే లెక్కల్లో మన ఉమ్మడి కర్నూలు జిల్లా ఒక్కటే 40 లక్షలు దాటింది. మన రెండు జిల్లాల్లో మనోళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు.

ఐజ్వాల్ కథ సినిమా తీసినా నమ్మరు. అంతకుముందు సీజన్లో కింద నిలిచి లీగ్ నుంచి పడిపోయింది. గోవా పెద్ద క్లబ్బులు ఐ-లీగ్ వదిలి పోతే, ఖాళీ పూడ్చడానికి దీన్ని మళ్లీ పిలిచినారు. కోచ్ ఖాలిద్ జమీల్, అంతకుముందు ఏడేళ్లు పనిచేసిన ముంబై ఎఫ్‌సీ నుంచి బయటికొచ్చినోడు. టీంలో ఎక్కువమంది ఆ కొండల పిల్లలే, తోడుగా సిరియా నుంచి వచ్చిన మహమూద్ అల్ అమ్నా మాదిరి కొందరు. ముఆల్పుయి కొండ మీద స్టేడియం, చుట్టూ లోయలు. 2017 ఏప్రిల్ 22న ఆ కొండ మీద మోహన్ బగాన్‌ను 1-0తో కొట్టినారు, గోల్ జోమింగ్లియానా రాల్తే తలతో. వారం తర్వాత ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో డ్రా చేసుకుంటే చాలు. మొదట గోల్ తిన్నారు, తర్వాత విలియం లాల్నున్‌ఫెలా సమం చేసినాడు, 1-1. ఐజ్వాల్ 37 పాయింట్లు, మోహన్ బగాన్ 36. ఒక్క పాయింటు! ఈశాన్యం నుంచి దేశ చాంపియన్ అయిన మొదటి క్లబ్బు అదే.

ఇది గాల్లోంచి ఊడిపడలేదు. 2012లోనే మిజోరం ప్రీమియర్ లీగ్ పెట్టుకున్నారు, దాన్ని స్థానిక కేబుల్ చానల్ ఇంటింటికీ చూపించింది. 2014లో మిజోరం సంతోష్ ట్రోఫీ గెలిచింది. తర్వాతే 2017. పిల్లోడికి ముందు తన వీధి ఆటగాడు టీవీలో కనపడినాడు, ఆ తర్వాత రొనాల్డో కనపడినాడు.

ఐజ్వాల్‌కు కూడా అన్యాయం జరిగింది, అది దాచకూడదు. చాంపియన్ అయిన కొన్నాళ్లకే ఐఎస్‌ఎల్ పెద్దదైపోయి ఐ-లీగ్ కింద పడింది. డబ్బున్నోళ్ల లీగ్‌లోకి ఐజ్వాల్‌ను పిలవలేదు. గెలిచినోడికి పై మెట్టు దొరకలేదు. కానీ క్లబ్బు మాత్రం ఇంకా ఐజ్వాల్‌లోనే ఉండాది. దాన్ని ఎత్తుకుపోయి ఇంకో ఊర్లో పెట్టడం కుదరదు, ఎందుకంటే ఆ పిల్లలు ఆ కొండలోళ్లు. ఇంకో తమాషా ఏందంటే, హైదరాబాద్‌కు కప్పు తెచ్చిన మార్కెజ్ 2024లో భారత జట్టు కోచ్ అయినాడు. 2025లో ఆయన పోతే ఆ కుర్చీలో కూర్చున్నది ఎవరో కాదు, ఐజ్వాల్‌ను గెలిపించిన ఖాలిద్ జమీలే.

సరే, మన పక్కకు వద్దాం. మా బా అడిగిన ప్రశ్నకు.

మన దగ్గర కాళ్లల్లో బలం లేక కాదు. నల్లమల గూడేల చెంచు పిల్లలు కొండ ఎక్కి దిగేది చూడండి. మా తండా పిల్లలు మేకల వెంట రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో ఎవరూ లెక్కపెట్టలేదు. మైదానాలు అసలే లేవా అంటే అదీ కాదు. కర్నూల్లో అవుట్‌డోర్ స్టేడియం ఉండాది, కడప పుట్లంపల్లిలో స్పోర్ట్స్ స్కూలు ఉండాది, పక్కన అనంతపురంలో ఆర్డీటీ ఏళ్ల తరబడి ఊర్ల పిల్లలతో ఫుట్‌బాల్ లీగ్ నడిపింది. అక్కడి అమ్మాయిలు స్పెయిన్ పోయి ఆడొచ్చినారు. మన కరువు సీమలోనే, మన ఎర్ర మట్టి మీదనే.

అడ్డం పడేది క్యాలెండరు. ఐఎస్‌ఎల్ 2021-22 జరిగింది నవంబర్ నుంచి మార్చి దాకా. మా స్కూల్లో జోనల్ ఆటలు పెట్టిందీ ఆ చలికాలం నెలల్లోనే. మన పక్క ఆ నెలలకు ఇంకో పేరుంది: సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే కోతల పండగ. సరిహద్దు దాటి పత్తికొండ, ఆదోని, కోసిగి, మంత్రాలయం పక్కకు వచ్చేసరికి ఆ మాటకు వలస అని అర్థం మారిపోయింది. వానాకాలం పంట పోయినాక తాళాలు వేసి, పిల్లల్ని, గిన్నెల్ని, టార్పాలిన్ పట్టాల్ని వ్యాన్‌లో ఎక్కించుకొని గుంటూరు పోతారు. పత్తి తీసేది, తర్వాత మిరప కోసేది. ఉగాదికి కొందరు వస్తారు, కొందరు ఇంకా ఆలస్యం. సెలెక్షన్ జరిగే రోజుకు పిల్లోడు స్కూల్లో ఉండడు. అటెండెన్స్ రిజిస్టర్‌లో పేరుంటుంది, పిల్లోడు చేను గట్టు మీద చెల్లెల్ని ఆడిస్తా ఉంటాడు.

ఇది నేను చదివి చెప్పేది కాదు. ఏడో క్లాసులో నేను స్కూల్ టీంలో ఉన్నా, గోల్‌కీపర్‌గా. మా పీఈటీ సారు మంచోడు, సొంత డబ్బుతో బంతి కొన్నాడు. జోనల్ మ్యాచ్‌లు జనవరిలో అని చెప్పినాడు. డిసెంబర్లో మా ఇంట్లోళ్లు సుగ్గికి పోయినారు, నన్ను కూడా తీసుకుపోయినారు, ఎందుకంటే ఇంట్లో వండిపెట్టేటోళ్లు లేరు. నా జాగాలో వేరే పిల్లోడు నిలబడినాడు. ఐదు గోల్స్ తిన్నాడంట. వచ్చినాక సారు ఏమీ అనలేదు. నేను మళ్లీ గ్లవ్స్ తొడగలేదు. నేను పెద్ద ఆటగాడినయ్యేవాడిని అని చెప్పడం లేదు, అంత సీన్ లేదు. కానీ టీం ఆడే రోజున మిగతా పిల్లోళ్లు ఊర్లో ఉన్నారు. నేను లేను.

అందుకే వలస మండలాల్లో పెట్టే సీజనల్ హాస్టళ్ల గురించి మనం చదువు లెక్కలోనే మాట్లాడుతుంటే నాకు కొంచెం వెలితిగా ఉంటుంది. అమ్మానాన్న సుగ్గికి పోయినా పిల్లోడు ఊర్లోనే తిని, పడుకొని, బడికి పోవడానికి పెట్టినవి అవి. అవి నవంబర్ మొదట్లో తెరుచుకుంటే పిల్లోడు బడిలోనూ ఉంటాడు, మైదానంలోనూ ఉంటాడు. సంక్రాంతి అయినాక తెరిస్తే ఏం లాభం, అప్పటికి వ్యాన్ పోయి ఉంటుంది. మండల ఆఫీసులో అర్జీ ఇచ్చేటప్పుడు ఈ తేదీ సంగతి కూడా రాయమని నా మనవి. హాస్టల్ కావాల అని కాదు, ఫలానా తేదీకి తెరవాల అని. మీ మీ మండలాల్లో పోయిన ఏడు ఎప్పుడు తెరిచినారో కింద కామెంట్లో రాయండి. కడప పక్క తమ్ముళ్లు, ముఖ్యంగా రైల్వే కోడూరు వైపు యానాది కాలనీల నుంచి ఉన్నోళ్లు, మీ దగ్గర పిల్లలు ఏ నెలల్లో బడి మానుతారో చెప్పండి. మా పక్క సుగ్గి ఒక రకం, మీ పక్క పండ్ల తోటల పని ఇంకో రకం, నెలలు వేరే ఉండొచ్చు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇంత పెద్ద జవాబు ఇచ్చినందుకు తిట్టుకోవద్దు. హైదరాబాద్ టీం ఢిల్లీకి పోయింది, అది నిజమే. నార్జారీ కూడా 2023లోనే బెంగళూరు ఎఫ్‌సీకి పోయినాడు. పోయిన దసరాకు నేను ఊరికి పోయినప్పుడు మా తండా బడి వెనక రెండు రాళ్లు పెట్టి పిల్లోళ్లు తన్నుకుంటా ఉన్నారు. బంతి గాలి పోయి మెత్తగా ఉంది. గోల్‌లో నిలబడిన పిల్లోడు, మా పెదనాయన మనవడు, మంచిగా దూకుతాండాడు. ఎప్పుడు పోతారురా సుగ్గికి అని అడిగినా. "దీపావళి అయినాక మామా" అన్నాడు.